గూట్లో తాళంచెవి

అక్టోబర్ 12

పంచాయతీ ఆఫీసులో మీటింగ్ పెట్టారు. మండలం నుంచి అక్షయ మేడం వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, పరీక్షకు చదివింది అప్పజెప్పినట్టే మాట్లాడుతుంది. ఇది తుపానుల కాలమని, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఇక్కడ కూడా కుండపోత తప్పదని, చెరువు కింద ఉన్న ఇళ్లవాళ్లు ముందే తయారుగా ఉండాలని చెప్పింది. అందరికీ తలా ఒక కాగితం పంచింది. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉండేవాళ్ల కోసం రాసిన కాగితం అది. "పడవలను ఒడ్డుకు లాగి గట్టిగా కట్టుకోవాలి" అని ఉంది అందులో. మా శంకరయ్య లేచి నిలబడ్డాడు.

"మేడం, నాకు పడవ లేదు. బర్రె ఉన్నది. దాన్ని కట్టేసుకుంట."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వింది, పాపం.

తర్వాత కట్టకింది గల్లీని ఎవరు చూసుకుంటారని అడిగింది. అందరూ నా వైపు తిరిగారు. నేను అంగన్‌వాడీ టీచర్ని కాబట్టి చూశారని ఆమె అనుకుంది. అసలు కారణం ఆమెకు తప్ప ఆ గదిలో అందరికీ తెలుసు. ఐదేళ్ల కింద చెరువు నిండి మత్తడి దుంకిన రోజు మా ఆయన దయానందం వల భుజాన వేసుకుని చేపలకు పోయాడు. తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు. అప్పటి నుంచి నీళ్ల సంగతి నీలవేణికే ఎరుక అని ఊరి లెక్క.

సరే అన్నాను. రోజూ చంటిపిల్లలను తోలేదాన్ని, పెద్దలను తోలలేనా.

తోలలేనేమోనని ఇంటికొచ్చాక అనిపించింది. మా దగ్గర మత్తడి దుంకడమంటే పండుగ. బోర్లు ఎండి, టమాటా మడులు మాడి, ఏళ్ల తరబడి చెరువు నెర్రెలు విచ్చాక, ఒక రోజు నీళ్లు కట్ట పక్కనున్న రాతి మత్తడి ఎక్కి పొర్లుతాయి. ఇక ఊరంతా డప్పులతో కదులుతుంది. కట్ట మైసమ్మకు బోనం, యాటపోతు. ఎదురెక్కే చేపలకు వలలు. ఆ రోజున ప్రమాదం అని అరిస్తే పెళ్లింట్లో శోకాలు పెట్టినట్టే. అప్పట్లో మత్తడి నీళ్లు వాగులో పడి పోయేవి. ఇప్పుడు వాగుకు అడ్డంగా ఎవరిదో ఫాంహౌస్ ప్రహరీ లేచింది. నీళ్లు ఆ గోడకు తగిలి మళ్లితే వచ్చేది మా గల్లీలోకే.

అక్టోబర్ 13

వాకిట్లో నీళ్ల గోలెం కడిగి నీళ్లు మార్చాను. నాచు పట్టింది. బయటి నుంచి వచ్చేవాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లుండాలి కదా.

అక్టోబర్ 16

ఈ రోజు ప్రాక్టీస్. మైకు ఆటో వచ్చి అరిస్తే గల్లీ అంతా ఖాళీ చేసి కల్వర్టు దాటి, మిట్ట మీది బడికి చేరుకోవాలి. నేను ఇంటింటికీ తిరిగి తోలాను. సుక్కమ్మవ్వ చంకలో కోడిపుంజుతో బయలుదేరింది. శంకరయ్య బర్రెను తోలుకుని ముందు నడిచాడు. పిల్లలకు భలే సంబరం, బడికి ఇంత ఇష్టంగా ఎప్పుడూ పోలేదు.

మా గల్లీలో తాళాలకు ఒక పద్ధతి ఉంది. ప్రతి ఇంటి తలుపు పక్కన గోడలో దీపం పెట్టుకునే గూడు ఉంటుంది. చేనుకో, మొయినాబాద్ అంగడికో, చిల్కూరు గుడికో పోయేవాళ్లు తాళం వేసి చెవిని ఆ గూట్లో పెట్టి పోతారు. చెవి గూట్లో ఉందంటే మనిషి మాపటికల్లా వస్తుందని అర్థం. గ్యాస్ తెచ్చేవాడు కూడా తాళం తీసి సిలిండర్ లోపల పెట్టి, మళ్లీ తాళమేసి పోతాడు. ఊరు విడిచి పోయేటప్పుడు మాత్రమే ఆడవాళ్లు చెవిని కొంగున ముడేసుకుంటారు. ఈ రోజు అన్ని తాళంచెవులూ గూళ్లలోనే ఉన్నాయి. ఉత్త ప్రాక్టీసే కాబట్టి తప్పు పట్టలేదు.

నా తలుపుకు తాళమే లేదు. గొళ్లెం వంకర పోయింది, తాళం పట్టదు. చేయించాలి.

అందరినీ పంపి నేను నా గడపలోనే నిలబడ్డాను. చివరన ఒకరు ఉండాలి కదా. కాసేపటికి చూస్తే జనం వెనక్కి వచ్చేస్తున్నారు. బడి దాకా సగం మంది కూడా పోలేదు. ఎందుకొచ్చారని కోప్పడితే సుక్కమ్మవ్వ పుంజును కింద వదిలి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు ఇంట్లనే ఉంటివి గద బిడ్డ. నీళ్లు వచ్చేదుంటే ముందు నువ్వే ఉరుకుతవు. నువ్వు కదిలిన్నాడు మేం కదులుతం."

"నేను మీ అందరి వెనక రావాలని ఆగిన అవ్వా."

"ఐదేండ్ల సంది ఆగినవు గదనే" అంది. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అంది.

అక్టోబర్ 18

సమత వచ్చింది. నా కూతురు, చేవెళ్ల దగ్గర నర్సింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. వచ్చిన కాసేపటికే దండెం మీది వాళ్ల నాన్న లుంగీ చూసి మొహం గంటు పెట్టుకుంది. ఉతికి ఆరేశాను, అంతే. మూలకు పడి ఉంటే ముక్కిపోతుంది.

"మొన్న పెత్రమాసకు బాపు పేరు మీద బియ్యం ఇచ్చినవా?" అని అడిగింది.

"పోయినోళ్ల పేరు మీద ఇస్తరు బియ్యం."

"బాపు పోలేదా అమ్మా?"

నేను పప్పు రుబ్బుతున్నాను. రుబ్బుతూనే ఉన్నాను. అది లేచి తలుపు దగ్గరికి పోయి గొళ్లెం అటూ ఇటూ ఆడించి చూసింది.

"ఇది రిపేరు చేయించు. ఊరంతా తుపాను తుపాను అంటున్నది. నువ్వు ఇల్లు ఇట్ల తెరిచి కూసుంటే నాకు హాస్టల్ల నిద్ర వడ్తలేదు. రేపు నీకేమన్నా అయితే నేను ఎవరికి చెప్పుకోవాలె?"

చేయిస్తానన్నాను. బస్సు ఎక్కేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. దానికి వాళ్ల నాన్న చేతులే వచ్చాయి, పొడుగు వేళ్లు. అది పోయాక చాలాసేపు ఏడ్చాను. ఎందుకో తెలియదు.

నేను ఎదురుచూడడం లేదు. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. తలుపు పాతది, అంతే.

అక్టోబర్ 21

ముసురు. సెంటర్‌కు పిల్లలు నలుగురే వచ్చారు.

అక్టోబర్ 22

సాయంత్రం పొయ్యి దగ్గర ఉంటే వాకిట్లో గోలెంలో చెంబు మునిగిన చప్పుడైంది. తర్వాత బండ మీద నీళ్లు పడిన చప్పుడు. మా ఆయన ముందు ఎడమ కాలు కడిగేవాడు, తర్వాత కుడికాలు, చివరకు నోరు పుక్కిలించి దానిమ్మ చెట్టు మొదట్లో ఊసేవాడు. వరసగా అన్నీ వినిపించాయి. వెళ్లి చూశాను. అంచు మీద బోర్లించిన చెంబు గోలెం అడుగున ఉంది. గాలికి పడి ఉంటుంది. బండ తడిగా ఉంది. వాన కదా.

రెండు కంచాలు పెట్టాను. అలవాటు.

అక్టోబర్ 24

చెరువు ఇంకో జానెడు పెరిగితే మత్తడి తాకుతుందట. ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట, ఎవరి మొహం చూసినా వెలుగే. వాయుగుండం తుపానుగా మారిందని టీవీలో చెబుతుంటే, మంచిగైంది, ఇంకో దెబ్బ పడితే చెరువు నిండుతుందని టీ కొట్టు దగ్గర లెక్కలు వేస్తున్నారు. కోస్తాలో జనం ఇళ్లు వదిలి పోతున్న బొమ్మలు చూపిస్తున్నారు. అయ్యో పాపం అంటూ టీ తాగుతున్నారు.

జనార్దనన్న ఇంటికి పోయాను. పదేళ్లు సర్పంచిగా చేసినవాడు, ఇప్పుడు పదవి లేకపోయినా ఊళ్లో ఏ పండుగ అయినా ఆయన చెయ్యి పడాల్సిందే. అప్పటికే యాటపోతును మాట్లాడి, డప్పులవాళ్లకు కబురు పెట్టి ఉన్నాడు.

"అన్నా, మత్తడి దుంకిన రోజు జనాన్ని కట్ట మీదికి పిలవకు. ఒక్క వారం ఆగు."

"ఐదేండ్లకు నిండుతున్నది చెల్లె. అమ్మకు అప్పుడే బోనం ఎత్తాలె. వారం తర్వాత ఎత్తుతె అది మొక్కుబడి అయితదా, బాకీ తీర్చినట్టయితది."

"కింద గల్లీ మునుగుతదన్నా. వాగుకు గోడ అడ్డమున్నది."

ఆయన లోపలికి కేకేసి నాకు చాయ్ తెప్పించాడు.

"దయానందం సంగతి నేను మర్వలేదు. ఆ రోజు కట్ట మీద నేను కూడ ఉన్న. ఒక్కటి అడుగుత, కోపం చేసుకోకు. అంత భయమున్నదానివి నువ్వే ఇల్లు ఇడ్వకపోతివి. గల్లీ గల్లీ నిన్ను చూసే ధైర్యంగ ఉన్నది. ఆమెకే ఫికర్ లేనిది మాకేంది అంటున్నరు. నేను ఒద్దంటే ఇంటరా?"

చాయ్ తాగకుండానే లేచి వచ్చాను.  ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అదీ నా కోపం.

అక్టోబర్ 25

గొళ్లెం చేయించలేదు. ఈ వానలో మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు.

అక్టోబర్ 27, బడి

నిన్నంతా కలం పట్టే తీరిక లేదు. ఇప్పుడు రాస్తున్నాను. చుట్టూ చాపల మీద మా గల్లీ పడుకుని ఉంది. కిటికీ బయట మధ్యాహ్నపు వెలుతురు బూడిద రంగులో ఉంది, వాన ఇంకా పడుతోంది.

నిన్న ఉదయం మైకు ఆటో వచ్చింది. అందరూ వెంటనే బడికి పొమ్మని పిలుపు. అదే సమయానికి కట్ట వైపు నుంచి డప్పులు మొదలయ్యాయి. మైకు ఒక పక్కకు రమ్మంటోంది, డప్పులు ఇంకో పక్కకు రమ్మంటున్నాయి. కాళ్లు ఎటు పోతాయో చెప్పాలా. మగవాళ్లు వలలు దులుపుతున్నారు. శంకరయ్య కూడా వల తీశాడు.

"మత్తడి ఒక్కసారి చూసొచ్చి పోతం టీచరమ్మా" అన్నాడు.

మా ఆయన కూడా ఆ రోజు ఇదే మాట అని పోయాడు. ఒక్కసారి చూసొస్తా, అన్నం వండు అని.

ఇల్లిల్లూ తిరిగాను. అట్లనే పోతం అన్నవాళ్లే తప్ప కదిలినవాళ్లు లేరు. సుక్కమ్మవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెది మట్టి గోడల ఇల్లు, గల్లీలో అన్నింటికన్నా పల్లంలో ఉంది. నన్ను చూసి ఒకే మాట అడిగింది.

"నువ్వు పోతున్నవా?"

"పోతున్న అవ్వా."

ఇంట్లోకి పోయి సంచిలో బట్టలు పెట్టుకుని, పెట్టె అడుగు నుంచి పాత తాళం తీశాను. రోకటి బండతో గొళ్లేన్ని కొట్టాను. ఒక్క దెబ్బకే వంకర తీరి సాపైంది. ఇన్నేళ్లూ పట్టదనుకున్న తాళం టక్కున పడింది. గల్లీలో అందరూ గుమ్మాల్లోంచి చూస్తున్నారు. నా తలుపుకు తాళం పడటం వాళ్లు చూసి ఐదేళ్లయింది.

తాళం పడగానే పని జరిగింది. ఇళ్లల్లోంచి మనుషులు బయటికి రావడం మొదలైంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. కల్వర్టు దాకా పోయి వెనక్కి తిరిగి చూశాను. ఎవరి చేతిలోనూ సంచీ లేదు, మందుల పొట్లం లేదు, చంటిదానికి మార్చడానికి గుడ్డ లేదు. మగవాళ్లు సగం మంది కట్ట వైపే తిరిగారు. సుక్కమ్మవ్వ లేచినట్టే లేచి మళ్లీ అరుగు మీద కూర్చుంది.

వెనక్కి ఉరికాను. "ఇంకా కూసున్నవేందవ్వా?"

"పొయ్యి మీద గంజి ఉన్నది. నీ చాబీ గూట్లనే ఉన్నది గద బిడ్డ. మాపటికి వస్తవు. నువ్వొచ్చేదాక నేను ఈడనే ఉంట."

తిరిగి చూశాను. గూట్లో తాళంచెవి ఉంది. నేనే పెట్టాను. పెట్టినట్టు నాకు తెలియనే లేదు, చెయ్యి దాని దారిన అది పోయి పెట్టింది. గల్లీ అంతా నా తాళాన్ని కాదు, చెవిని చూసింది. చూసి, అలాగే తమ తాళంచెవులనూ గూళ్లలో పెట్టింది.

"ఆ చాబీ నా కోసం కాదు అవ్వా" అన్నాను.

"మరి ఎవరికి?"

 వానలో నిలబడి ఉన్నాను. కొంగు తల మీద నుంచి జారిపోయింది. చుట్టుపక్కల గుమ్మాల్లో ఆడవాళ్లందరూ ఆగిపోయారు. అవ్వకు అర్థమైంది. నవ్వలేదు, జాలి కూడా పడలేదు. అరుగు మీద సర్దుకుని కూర్చుంది.

"అట్లనా. దయానందం వస్తె ఇంట్ల ఎవ్వరు లేకపోతె ఎట్ల మరి. అన్నం ఎవరు పెడతరు. మీరందరు పొండి. నేను ముసలిదాన్ని, నేనుంట. వస్తె చాబీ తీసిస్త."

ఉత్తమాటకు అనలేదు. నిజంగానే ఉండేది. నా మొగుడికి అన్నం పెట్టడానికి ఆ మట్టి గోడల మధ్య కూర్చుని ఉండేది. ఈ ఐదేళ్లలో ఆయన వస్తాడని నాతో పాటు నమ్మిన మనిషి ఇంకొకరు లేరనుకున్నాను. ఆమె నమ్మిందో, నా కోసం నమ్మినట్టు ఉందో ఇప్పటికీ తెలియదు. 

"ఆయన రాడు అవ్వా."

"ఏంది?"

"రాడు. ఆయన రాడు."

రెండోసారి గల్లీ చివరి దాకా వినబడేలా అన్నాను. నా ఇంటి దాకా నడిచాను. గూట్లోంచి చెవి తీశాను. తడి కొంగుకు ముడి పడలేదు. శంకరయ్య పెళ్లాం నా కొంగు పట్టుకుంటే, ముడి నేనే వేసుకున్నాను. గట్టిగా వేశాను.

 ముందు సుక్కమ్మవ్వ లేచి గూట్లో చెయ్యి పెట్టింది. తర్వాత పక్కిల్లు. ఆ పక్కిల్లు. ఆడవాళ్లందరూ తాళంచెవులు తీసి కొంగులకు ముడేసుకున్నారు. అప్పుడు మళ్లీ లోపలికి పోయి సంచులు తెచ్చారు, మందులు తెచ్చారు, ఆధార్ కార్డులు తెచ్చారు. శంకరయ్య వలను అక్కడే పడేసి కట్ట వైపు ఉరికాడు. వాడు అక్కడ ఏమన్నాడో తర్వాత జనార్దనన్న చెప్పాడు. తుపాను అనలేదట, మునుగుతున్నం అని కూడా అనలేదట.

"నీలవేణి చాబీ కొంగున ముడేసుకున్నది" అన్నాడట.

డప్పులు ఆగిపోయాయి. ఆ ఆగిపోవడం కల్వర్టు దగ్గర నాకు వినబడింది. కొంతసేపటికి మగవాళ్లు కట్ట దిగి వస్తూ కనిపించారు. అందరి వెనక జనార్దనన్న, ఎత్తని బోనాన్ని రెండు చేతుల్లో పట్టుకుని.

మత్తడి మధ్యాహ్నం దుంకింది. బడి వరండాలో నుంచి చూశాం. నీళ్లు ఫాంహౌస్ గోడ దాకా పోయి, కాసేపు ఆగి, గల్లీలోకి తిరిగాయి. ఎర్రటి నీళ్లు. సుక్కమ్మవ్వ ఇల్లు చప్పుడు లేకుండా కూర్చుండిపోయింది. అవ్వ పుంజు తల నిమురుతూ చూసింది.

"గంజి దించనే లేదు" అంది.

అక్టోబర్ 28

సమత వచ్చింది. కొంగు ముడి చూసింది. నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది.

అక్టోబర్ 31

నీళ్లు తీశాయి. సమతా నేనూ గల్లీలోకి దిగాం. మోకాలి లోతు ఒండ్రు. మా గల్లీలో ఒక్క మనిషి కూడా పోలేదు. గోడలు పోయాయి, బియ్యం పోయాయి, శంకరయ్య వల ఎక్కడికో పోయింది. సుక్కమ్మవ్వ మా వెనకే వచ్చింది. ఆమెకు పోవడానికి ఇల్లు లేదు. మా ఇంట్లోనే ఉండమన్నాను.

మా ఇల్లు నిలబడింది. తలుపుకు నా ఎత్తున బురద గీత ఉంది. తాళం అలాగే ఉంది. వాకిట్లో గోలెం లేదు, దాని కింది బండ కూడా లేదు, అంతా గుంట పడింది. దానిమ్మ చెట్టు ఒరిగింది.

ముడి తడికి బిగిసిపోయి ఊడలేదు. పళ్లతో లాగాను. చెవి చేతికి వచ్చాక కూడా వెంటనే తాళం తీయలేకపోయాను. తలుపు తట్టాను. నా ఇంటి తలుపు నేనే తట్టాను.

"లోపల ఎవరున్నరమ్మా?" అంది సమత. దాని గొంతులో భయం ఉంది.

"ఎవ్వరు లేరు" అన్నాను. తాళం తీశాను.

నవంబర్ 2

సుక్కమ్మవ్వ, నేను బురద ఎత్తిపోశాం. వచ్చే అమాసకు ఆయన పేరు మీద బియ్యం ఇస్తానని సమతకు ఫోన్ చేసి చెప్పాను.  నేనూ వస్తా అంది అది.

సాయంత్రం పొయ్యి దగ్గర ఉంటే వాకిట్లో గోలెంలో చెంబు మునిగిన చప్పుడైంది. ఎడమ కాలు. కుడి కాలు. గోలెం ఇప్పుడు లేదు.

అవ్వ కూడా తల ఎత్తింది. నా వైపు చూసింది. నేను లేవలేదు. నోరు పుక్కిలించిన చప్పుడు అయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత అవ్వకో కంచం, నాకో కంచం పెట్టాను.